పదిహేడు మార్కుల భీమశంకరరావు గారు

భీమశంకరరావు గారికి బాగా వచ్చిన విద్య ఒక్కటే, పరీక్ష తప్పడం. తాగరు, పేకాడరు, ఒకరి మీద ఇంకొకరికి చాడీలు చెప్పరు. రెండు మూడు నెలలకోసారి ఇన్సూరెన్స్ ఏజెంటు పరీక్ష రాస్తారు. తప్పుతారు. తిన్నగా పూర్ణా మార్కెట్‌కి వెళ్లి అరకిలో మాడుగుల హల్వా కట్టించుకుని, గాజువాకలో ఉన్న మా బ్రాంచికి తెచ్చి అందరికీ పంచుతారు. నేను ఆ బ్రాంచిలో అడుగుపెట్టేసరికి ఇలా పదిసార్లు అయింది.

ఆ పరీక్ష ఏదో కలెక్టరు పరీక్ష అనుకునేరు. బీమా పాలసీ అమ్మాలంటే లైసెన్సు కావాలి, లైసెన్సు కావాలంటే ఆ పరీక్ష పాసవ్వాలి, అంతే. పదో తరగతి చదివితే చాలు. కంప్యూటర్ మీద యాభై ప్రశ్నలు, గంట టైము, కావాలంటే తెలుగులోనే రాయొచ్చు. తప్పు జవాబుకి మార్కులు కొయ్యరు. పద్దెనిమిది వస్తే పాసు. మా వీధి కుక్కని తెచ్చి మౌస్ మీద కూకోబెట్టినా పన్నెండు మార్కులు తెచ్చుకుంటుంది. అలాంటి పరీక్షలో భీమశంకరరావు గారికి ప్రతిసారీ పదిహేడే. పదహారు కాదు, పద్నాలుగు కాదు. పది పరీక్షల్లో పదిసార్లూ పదిహేడు.

నా సంగతి కూడా చెప్పేస్తాను, మళ్లీ అడుగుతారు. నా పేరు సాయిశంకర్. ఇంజినీరింగు రెండో ఏడు మధ్యలో వదిలేశాను. ఎందుకు వదిలేశావని అడక్కండి, చెప్తే మీకూ వదిలేయాలనిపిస్తుంది. ఆ తర్వాత ఫుడ్ డెలివరీ నాలుగు నెలలు, సెల్‌ఫోన్ల షాపు రెండు నెలలు, పోర్టు దగ్గర ఓ షిప్పింగు ఆఫీసులో పదకొండు రోజులు చేశాను. పన్నెండో రోజున సబ్బవరంలో మా నాన్న నా బ్యాగు గుమ్మం బయట పెట్టి, దేవీప్రసాద్ దగ్గరికి పో, వాడేం చెప్తే అది చెయ్యి అన్నాడు. దేవీప్రసాద్ మా పెద్దనాన్న అల్లుడు, అంటే నాకు బావ. ఎలమంచిలివాడు. మనుషుల్ని పట్టుకొచ్చి ఏజెంట్లుగా తయారుచేయడం ఆయన ఉద్యోగం.

నేను వెళ్లిన రోజు ఆఫీసు గుమ్మంలోనే తెల్ల చొక్కా, నున్నగా దువ్విన తెల్ల జుట్టుతో ఒక పెద్దమనిషి స్వీటు పెట్టె పట్టుకుని నిలబడి ఉన్నారు.

"నా పేరు భీమశంకరరావండి. మాది గోదావరి జిల్లా అండి. స్టీల్ ప్లాంటులో క్రేన్ ఆపరేటర్‌గా రిటైరయ్యానండి. నిన్న పరీక్ష తప్పానండి. తీసుకోండి."

తీసుకున్నాను. హల్వా బాగుంది. తర్వాత లోపలికి వెళ్లి, ఈయన మనిషేనా అని దేవీప్రసాద్ బావని అడిగాను. బావ తల పట్టుకుని, "మనిషే గానీ బామ్మర్దీ, నా ప్రాణానికి ఒచ్చాడు," అన్నాడు.

ఆయన ఎందుకు తప్పారో చెప్పే కారణాలు ఆఫీసులో అందరికీ కంఠతా వచ్చు. ఒకసారి మౌస్ కుడివైపు పెట్టారట, తనది ఎడమచేతి వాటమట. ఆ మాట చెప్తూ కుడిచేత్తోనే సంతకం పెట్టి కుడిచేత్తోనే హల్వా తిన్నారు. ఇంకోసారి ఏసీ చలికి మెదడు గడ్డకట్టిందట. ముప్ఫై ఏళ్లు కరిగిన ఉక్కు మీద క్రేన్‌లో కూర్చున్న మనిషికి చలి తెలియక కొత్తగా ఉందేమోనని సరిపెట్టుకున్నాం. మరోసారి ప్రశ్నలో ముప్ఫై రెండేళ్ల మనిషి మోటార్ సైకిల్ మీద నుంచి పడి చనిపోయాడట. ఇద్దరు చిన్నపిల్లలున్నారని కూడా రాశారట. క్లెయిము ఎవరికి వెళ్తుందన్నది ప్రశ్న.

"ఆ పిల్లల్ని తలుచుకుంటే కళ్లు మసకబారిపోయాయండి. ఇంక స్క్రీన్ కనపడలేదండి," అన్నారు.

"మాస్టారూ, అది ప్రశ్న. నిజంగా ఎవులూ పోనేదు," అన్నాడు బావ.

"ఆయ్, తెలుసండి. కానీ రాసినవాడికి ఇద్దరు పిల్లలని ఎందుకు తోచిందంటారు?"

బావ హల్వా పెట్టె తన వైపు లాక్కున్నాడు.

నేను పరీక్షకి ముందు ఇరవై అయిదు గంటల ట్రైనింగులో కూర్చోవాలి. ట్రైనింగు అంటే కంప్యూటర్లో ఎవరో హైదరాబాదు నుంచి మాట్లాడతారు, మనం ఫోన్ చూసుకుంటాం. క్లాసు అయ్యాక మాత్రం ఎవరికి డౌటు వచ్చినా భీమశంకరరావు గారి కుర్చీ దగ్గరికే పోయేవారు. గ్రేస్ పీరియడ్ అంటే ఏంటని ఒకమ్మాయి అడిగింది. షిఫ్టు సైరన్ మోగాక కూడా ప్లాంటు గేటు కాసేపు తెరిచే ఉంచుతారు, ఆ కాసేపే గ్రేస్ పీరియడ్ అని చెప్పారు. ప్రీమియం కట్టే తేదీ దాటినా పాలసీ గేటు వెంటనే మూసుకోదని ఆ అమ్మాయికి ఆ ఒక్క ముక్కతో అర్థమైపోయింది. నామినీ ఎవరు, వారసుడు ఎవరు, రోగం దాచిపెట్టి పాలసీ తీసుకుంటే ఏమవుతుంది, ఏది అడిగినా నిద్రలోంచి లేపినా చెప్తారు. ప్రాక్టీసు పేపర్లు ఆయనే దిద్దేవారు, కీ చూడకుండా.

నాకు అక్కడే మండింది. ఇన్ని తెలిసిన మనిషి అన్నిసార్లు తప్పడం ఏంటి? నా నోరు మంచిది కాదు, తెలుసు. మొహం మీదే అడిగేశాను.

"మాస్టారూ, మీకు సిగ్గెయ్యదా?"

ఆయన నిజంగానే ఆలోచించారు. "మొదటిసారి వేసిందండి. తర్వాత అలవాటైపోయింది. మీరింకో ముక్క తీసుకోండి."

ఇంకో విడ్డూరం కూడా ఉంది. బ్రాంచి నుంచి ఎవరెవరు పరీక్షకి వెళ్తున్నారో జాబితా రాగానే ఆయన దాన్ని కళ్లజోడు పెట్టుకుని చదివేవారు. బ్యాచిలో అందరికంటే ఎక్కువ భయపడేది ఎవరో కనుక్కుని, అదే రోజు, అదే టైముకి తన పేరు కూడా వేయించుకునేవారు. ఫీజు ఆయన సొంతమే. అది సెంటిమెంటు అనుకునేవాడు బావ. భయపడేవాళ్ల పక్కన కూర్చుంటే తను ధైర్యంగా కనపడతారనేమో అనుకున్నాను నేను.

పరీక్ష సెంటరు ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర, ఒక పాత బిల్డింగులో రెండో అంతస్తు. వెంట వచ్చినవాళ్లని గేటు దగ్గరే ఆపేస్తారు. ఫోన్, పర్సు, వాచీ, చివరికి చేతిరుమాలు కూడా అక్కడే తీసుకుంటారు. తర్వాత బొటనవేలు మెషిను మీద పెట్టాలి, ఫొటో దిగాలి, ఆపైన ఇనుప కుర్చీల మీద అరగంట కూర్చోవాలి. చదివిందంతా సగం మందికి ఆ అరగంటలోనే ఎగిరిపోతుంది. భీమశంకరరావు గారికి అక్కడ తెలియనిది లేదు. మూడో వరసలో రెండో కంప్యూటర్ మౌస్ రెండుసార్లు నొక్కితే గానీ పలకదని, మొదటి స్క్రీన్ మీద భాష దగ్గర తొందరపడి ఇంగ్లిషు నొక్కితే ఇంక తెలుగు రాదని, వాటర్ క్యాన్ ఖాళీ అయితే కింద వాచ్‌మన్‌ని అడగాలని, అన్నీ ఆయన చెప్పాకే మాకు తెలిశాయి. పాఠాల సిలబస్ కంపెనీది. సెంటర్ సిలబస్ మాత్రం ఆయనది.

ఆ రోజుల్లోనే మా బ్యాచిలోకి సీతాలు వచ్చింది.

సీతాలుకి నలభై మూడేళ్లు. పదో తరగతి ఫస్టుక్లాసులో పాసైందట, ఆ మాట మొదటి అయిదు నిమిషాల్లోనే చెప్పింది. పద్నాలుగేళ్లుగా రొయ్యల ఫ్యాక్టరీలో రొయ్యలు వలుస్తోంది. పొద్దస్తమానం చేతులు ఐసులో ఉంటాయి. వేళ్లు వంకర తిరిగి, కీళ్లు ఉబ్బిపోయాయి. ఇంకో ఏడాది ఐసులో చెయ్యి పెడితే తర్వాత అన్నం కలుపుకోవడానికి కూడా ఆ చెయ్యి పనికిరాదని డాక్టరు చెప్పేశాడు. మా కంపెనీ ఆడవాళ్ల కోసం కొత్తగా ఒక బ్యాచి పెట్టింది. మొదటి ఏడాది నెలనెలా స్టైపెండు ఇస్తారు. చేరాలంటే ఆ నెలాఖరులోగా లైసెన్సు చేతిలో ఉండాలి. ఆ గడువు దాటితే సీతాలుకి మళ్లీ ఐసే గతి.

ఆవిడకి తెలివి తక్కువేం కాదు. ఫ్యాక్టరీలో నలభై మంది ఆడవాళ్లు ఆవిడ మాట వింటారు. తేడా అంతా బొటనవేలి దగ్గరే వచ్చింది. పద్నాలుగేళ్లు రొయ్యల పెంకులు ఒలిచి ఒలిచి ఆ వేలి మీద గీతలు అరిగిపోయాయి. మొదటిసారి పరీక్షకి ఒక్కతే వెళ్లింది. మెషిను ఎర్ర లైటు వెలిగించింది. తుడుచుకుని పెట్టమన్నారు, మళ్లీ ఎర్రదే. వెనక లైనులో ఇరవై మంది. ఇదేం వేలమ్మా అని మెషిను దగ్గర కుర్రాడు గట్టిగా అనేసరికి, ఆవిడ అటునుంచి అటే మెట్లు దిగి ఇంటికి పోయింది.

రెండోసారి ఆవిడతో పాటు వెళ్దామని భీమశంకరరావు గారు కూడా పేరు వేయించుకున్నారు. కానీ ఆవిడకి పొద్దుట టైము పడింది, ఆయనకి మధ్యాహ్నం పడింది. చివరికి మెషిను ఎలాగో ఒప్పుకుంటే ఆవిడ లోపలికి వెళ్లింది గానీ, అప్పటికే ఆ వేలిని చీరకి, జాకెట్టుకి, గోడకి ఇరవైసార్లు రుద్దీ రుద్దీ చెయ్యి వణకడం మొదలైంది. ఇరవై రెండో ప్రశ్న దగ్గరే టైము అయిపోయింది. పొద్దుట ఆవిడకి పద్నాలుగు, మధ్యాహ్నం ఈయనకి పదిహేడు.

మర్నాడు హల్వా వచ్చింది. మామూలుగా తప్పినవాళ్లకి మొదటి ముక్క ఆయనే ఇస్తారు. నేనూ తప్పాను కదండీ, తినండి అంటారు, వాళ్లు ఏడుపు ఆపి తింటారు. సీతాలు తినలేదు.

"నాను సదవనేక తప్పనేదు సారూ. నా ఏలికే బుద్ది నేదు. రేసన్ కొట్లో కూడా పట్టదు," అంది.

ఆయన హల్వా పెట్టె మూసేశారు. ఆ రోజు ఇంకెవరికీ పంచలేదు.

ఇక్కడ బావకి పైనుంచి అక్షింతలు పడ్డాయి. బ్రాంచిలో ఎంతమంది రాశారు, ఎంతమంది పాసయ్యారు అని లెక్క తీస్తే, పదకొండుసార్లు తప్పిన ఈ మనిషెవరు, పరీక్షకి పంపిస్తున్నారా పిక్నిక్‌కి పంపిస్తున్నారా అని ఫోన్ వచ్చింది. బావ ఆయన్ని పిలిచి, ఇదే ఆఖరిసారి, ఈసారి పోతే మీ పేరు మరి పంపను అని చెప్పేశాడు. ఆయన సరేనండి అన్నారు. ఒక్క కోరిక మాత్రం కోరారు. తనకీ సీతాలుకీ ఒకే రోజు, ఒకే టైము పడాలట.

"ముహూర్తం సూడ్డానికి ఇదేటైనా పెళ్లేటి మాస్టారూ?" అన్నాడు బావ. అన్నా, సెంటరుకి నాలుగుసార్లు ఫోన్ చేసి ఒకే టైము వేయించాడు. ఇరవై ఎనిమిదో తారీఖు పొద్దుట పది గంటలకి. నాది కూడా మొదటి పరీక్ష అప్పుడే. నెలాఖరుకి మూడు రోజులే ఉంది, సీతాలుకి ఇంకోసారి రాసే వ్యవధి లేదు.

ఆ రోజు ముగ్గురం ఒకే ఆటోలో వెళ్లాం. సీతాలు దారి పొడుగునా బొటనవేలిని చూసుకుంటోంది, తిట్టాలో బతిమాలాలో తెలియనట్టు. భీమశంకరరావు గారు పుస్తకం తెరవనివ్వలేదు. షీలా నగర్ దాకా క్రేన్ కబుర్లే. ఆయన కుడిచేతి పిడికిలి బిగించి ఉంచారు. బీపీ ఏమైనా పెరిగిందేమో అనుకున్నాను.

గేటు దాటాక లైనులో ఆయనే ముందు నిలబడ్డారు. వెనక సీతాలు, ఆవిడ వెనక నేను. మెషిను దగ్గర అదే కుర్రాడు. ఆయన వేలు పెట్టారు. ఎర్ర లైటు. మళ్లీ పెట్టారు. మళ్లీ ఎర్రదే. ఆయన కంగారుపడలేదు సరికదా, హోటల్లో రెండో ఇడ్లీ చెప్పినంత మామూలుగా చెప్పారు.

"వేలు పట్టడం లేదండి. డిక్లరేషన్ ఫారం ఇవ్వండి."

అలాంటి ఫారం ఏదీ లేదన్నాడు కుర్రాడు.

"ఉందండి. ఆ బల్ల రెండో సొరుగులో, రిజిస్టరు కింద. కిందటేడు క్వారీలో రాళ్లు కొట్టే ఆయనకి ఇచ్చారండి. ఆధార్ కార్డు చూసి సంతకం పెట్టించుకుని పంపారండి."

కుర్రాడు సొరుగు లాగాడు. రిజిస్టరు ఎత్తాడు. ఫారాలు ఉన్నాయి. వాడి మొహం చూడాలి అప్పుడు.

"రెండు తియ్యండి," అన్నారు ఆయన. "వెనక అమ్మగారికి కూడా అంతే. ఎక్కువ పనిచేసిన వేళ్లండి మావి, మెషినుకి అందవు."

సీతాలు మెషిను ముట్టుకోలేదు. ఆయన పక్కనే నిలబడి ఫారం నింపి, ఆయన ఎక్కడ సంతకం పెడితే అక్కడ పెట్టి, తలెత్తుకుని లోపలికి నడిచింది. ఇనుప కుర్చీల దగ్గర నేను భీమశంకరరావు గారి పక్కన కూర్చున్నాను. ఆయన ఎవరూ చూడటం లేదనుకుని కుడి బొటనవేలి మీద నుంచి సన్నటి తెల్లని పొర ఒకటి మెల్లగా ఒలుస్తున్నారు. ఫెవికాల్. ఇంటి దగ్గరే పూసుకుని వచ్చినట్టున్నారు. నేను చూశానని ఆయన చూశారు. ఆ పొరని ఉండ చేసి జేబులో వేసుకున్నారు.

హాల్లో సీతాలుకి మూడో వరసలో మొదటి సీటు. ఆ మొండి మౌస్ ఉన్న రెండో సీటు ఆయనకి వచ్చింది. నేను వెనక వరసలో ఉన్నాను కాబట్టి ఇద్దరూ కనపడుతున్నారు. ఆయన ఇరవై నిమిషాల్లో ముగించారు. చేతులు కట్టుకుని, కుర్చీలో వెనక్కి వాలి, ఆర్కే బీచ్‌లో బెంచీ మీద కూర్చున్నట్టు కూర్చున్నారు. మధ్యలో ఒకసారి వేళ్ల మీద ఏదో లెక్క పెట్టుకున్నారు, సరిపోయినట్టు తలాడించారు. సీతాలు ఒక్కసారి పక్కకి చూసింది. సరిగ్గా అప్పుడే ఆయన ఇంత నోరు తెరిచి ఆవులించారు. ఆవిడ మళ్లీ స్క్రీన్ వైపు తిరిగేసరికి చెయ్యి కుదురుగా ఉంది.

నేను నా పేపరు మానేసి వీళ్లని ఎందుకు చూస్తున్నానని ఇన్విజిలేటరు నన్ను కసిరాడు.

టైము అయ్యాక మార్కులు స్క్రీన్ మీదే వచ్చేస్తాయి. సీతాలుకి ఇరవై తొమ్మిది. పాస్ అని పక్కన పచ్చగా వచ్చింది. ఆవిడ దాన్ని నమ్మలేదు, ప్రింటు కాగితం చేతికిచ్చేదాకా సీట్లోంచి లేవలేదు. నాకు ముప్ఫై మూడు. నాదెవరూ అడగలేదు.

అడిగే తీరిక ఎవరికీ లేదు, ఎందుకంటే భీమశంకరరావు గారు ఇన్విజిలేటరుతో దెబ్బలాడుతున్నారు. ఆయన గొంతు పైకి లేవడం అదే మొదలు.

"ఇది తప్పండి. ఇంకోసారి చూడండి. పద్దెనిమిది వచ్చింది."

"అవును సార్. పాసయ్యారు."

"అదేనండి నా బాధ. నాకు పదిహేడు రావాలండి."

ఇన్విజిలేటరు నలభై ఏళ్ల మనిషి, ఎన్నో చూసి ఉంటాడు. మార్కులు తక్కువయ్యాయని ఏడ్చినవాళ్లని చూసి ఉంటాడు, సిస్టం తప్పని అరిచినవాళ్లని చూసి ఉంటాడు. ఒక్క మార్కు తగ్గించమని పోట్లాడేవాణ్ణి మాత్రం చూసి ఉండడు. నా వైపు తిరిగి, మీ తాతగారా అని అడిగాడు. అవునన్నాను. అదే తేలిక.

కింద టీ కొట్టు దగ్గర ఆయన బల్ల మీద కూలబడ్డారు. సీతాలు ఇంటికి ఫోన్ చేయడానికి రోడ్డు అవతలికి వెళ్లింది, ఇవతల లారీల మోత. నేను ఊరుకోలేదు. మామూలుగానే ఊరుకోను. కళ్లు మూసుకుని టిక్కులు పెడితే పన్నెండో పదమూడో వస్తాయి, ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ. పదకొండుసార్లూ పదిహేడే రావాలంటే యాభైకి యాభై తెలిసి, ముప్ఫై మూడింటిని పట్టిపట్టి తప్పు పెట్టాలి. ఇంజినీరింగు వదిలేసినా ఈమాత్రం లెక్క వస్తుందని చెప్పాను. ఫెవికాల్ సంగతి కూడా చెప్పాను.

ఆయన టీ గ్లాసు రెండుసార్లు తిప్పారు.

"మొదటిసారి మాత్రం నిజంగానే తప్పానండి," అన్నారు.

రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక మొదటిసారి పరీక్ష రాశారట. ఒక్క మార్కుతో పోయింది. బయటకి వస్తే, పక్క సీట్లో రాసిన అమ్మాయి మెట్ల మీద కూర్చుని ఏడుస్తోంది, ఇంటికి ఏ మొహం పెట్టుకుని వెళ్లనని. ఏమని ఓదార్చాలో తెలియక, నేనూ తప్పానమ్మా, అరవై రెండేళ్లవాణ్ణి, ఇంట్లో మనవలున్నారు అని చెప్పారట. ఆ అమ్మాయి ఏడుస్తూనే నవ్విందట. ఇద్దరూ కలిసి హల్వా తిన్నారట. రెండోసారి మీరూ రండి సార్, మీరుంటే నాకు భయం ఉండదు అందట. వెళ్లారు. గేటు లోపలికి పరీక్ష రాసేవాళ్లని తప్ప ఎవర్నీ రానివ్వరు కాబట్టి తనూ రాయాలి. పాసైపోతే ఆ తర్వాత భయపడేవాళ్లతో లోపలికి వెళ్లడానికి ఉండదు. అందుకని పదిహేడు దగ్గర ఆపేశారు. ఆ అమ్మాయి పాసైంది. మూడోసారి ఇంకొకరు రమ్మన్నారు.

"సున్నా తెచ్చుకుంటే సరిపోయేది కదా మాస్టారూ. ఈ పదిహేడు దేనికి?"

"సున్నా వచ్చినవాడి హల్వా ఎవరు తింటారండి? వీడికేం రాదులే అనుకుంటారు. ఒక్క మార్కుతో పోయినవాడినైతే మనలాంటోడే అనుకుంటారు." ఆయన గ్లాసు పక్కన పెట్టారు. "ముప్ఫై ఏళ్లు క్రేన్ నడిపానండి. ఎక్కడ ఆపాలంటే అక్కడ, వేలెడు అటూ ఇటూ కాకుండా ఆపాను. ఒక్కసారి కూడా గీత దాటలేదండి. ఇవాళ దాటేసింది."

ఏ ప్రశ్న దగ్గర దాటిందో ఆయనకి అంతుపట్టడం లేదు. ఒక్కొక్క ప్రశ్నే గుర్తుచేసుకుంటూ వెళ్లాం. ముప్ఫై ఆరో ప్రశ్న దగ్గర దొరికింది. పాలసీ తీసుకున్నాక నచ్చకపోతే ఎన్ని రోజుల్లో వెనక్కి ఇచ్చేయొచ్చు అన్నది ప్రశ్న. జవాబు పదిహేను అని ఆయనకి తెలుసు కాబట్టి కావాలని ముప్ఫై పెట్టారు. ఆయన చదివింది మొదటి పరీక్షకి కొన్న పుస్తకం. మధ్యలో రూలు మారింది. ఇప్పుడు ముప్ఫై రోజులే.

ఆ మాట చెప్పాను. ఆయన నా వైపు చూసిన చూపు చూస్తే, రూలు మార్చింది నేనే అనుకుంటారు ఎవరైనా.

బావ సంతోషం పట్టలేకపోయాడు. భీమశంకరరావు గారి ఫొటో పెద్దది చేయించి, "పట్టుదలకి మారుపేరు" అని రాసి గోడకి కొట్టించాడు. ఆయన ఆ ఫొటో కిందే కుర్చీలో, కరెంటు పోయిన ఇంట్లో కూర్చున్నట్టు దిగాలుగా కూర్చునేవారు. అసలు సంగతి నేను బావకి చెప్పలేదు. నా జీవితంలో నోరు మూసుకున్న సందర్భాలు తక్కువ, ఇది ఒకటి. సీతాలుకి మాత్రం చెప్పాను. ఆవిడకి ఫెవికాల్ దాకా అంతా చెప్పాను. విని చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు నవ్వింది, తర్వాత ఆ చెంగుతోనే కళ్లు తుడుచుకుంది. ముప్ఫైన ఆవిడ లైసెన్సు వచ్చింది. ముప్ఫై ఒకటిన ఫ్యాక్టరీలో గ్లౌజులు, తలకి కట్టుకునే టోపీ తిరిగి ఇచ్చేసి, ఆ సాయంత్రమే ఆడవాళ్ల బ్యాచిలో చేరింది.

మరుసటి నెల కొత్త జాబితా వచ్చింది. అందులో రోజారమణి అని ఒకావిడ ఉంది, సీతాలు పక్కన బల్ల మీదే రొయ్యలు వలిచేదట. సీతాలే వెంటబెట్టుకుని తెచ్చింది. ఆవిడ బొటనవేలు కూడా నున్నగా అరిగిపోయింది. కంప్యూటర్ పేరెత్తితే చెమటలు. భీమశంకరరావు గారు అలవాటు కొద్దీ కళ్లజోడు పెట్టుకుని జాబితా చూసి, తన పేరు ఇక ఉండదని గుర్తొచ్చి, కళ్లజోడు తీసేశారు.

రెండు రోజులు ఆఫీసుకి రాలేదు. మూడో రోజు కొత్త పుస్తకం చంకలో పెట్టుకుని, కొత్త పెళ్లికొడుకులా వచ్చారు. తిన్నగా బావ బల్ల దగ్గరికి వెళ్లి అప్లికేషన్ పెట్టారు. జీవిత బీమాకి ఒక పరీక్ష, ఆరోగ్య బీమాకి ఇంకో పరీక్షట. ఆయన పాసైంది మొదటిదేనట. ఆరోగ్య బీమా కూడా అమ్మాలని తనకి ఎప్పట్నుంచో కోరికట. సెంటరు అదే, రోజారమణి రాసే రోజే, అదే టైము.

మంచి ఊపులో ఉన్నారు మాస్టారూ, ఇదీ పాసైపోండి అని బావ ఆనందంగా సంతకం పెట్టేశాడు.

ఆ కాగితం మీద సంతకం ఆరకముందే సీతాలు ఇంకో అప్లికేషన్ తెచ్చి పక్కన పెట్టింది. అదీ ఆరోగ్య బీమాకే. బావ ఫోన్ వచ్చి బయటికి వెళ్లేదాకా ఆగి, భీమశంకరరావు గారితో మెల్లగా అంది.

"రోజాకి అటుపక్క మీరు కూకోండి, ఇటుపక్క నాను కూకుంటాను. ఈపాలి తప్పే పని నాకొగ్గియ్యండి సారూ. మీకు వయసైపోనాది. నానైతే పుస్తకం కూడా కొనక్కర్నేదు, తిన్నగా ఎల్లి తప్పేత్తాను."

ఆయన కంగారుగా కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. కొత్త పుస్తకం మధ్యకి తెరిచి, మొదటి పేజీకి తిప్పి, ఇద్దరికీ కనపడేలా బల్ల మీద పెట్టారు.

"అలా అనుకోకూడదమ్మా. శ్రద్ధగా చదవాలి. చదవకుండా వెళ్తే పాసైపోతాం."